కాలువ కట్ట మీద క్లాసు

యలమంద పత్తి సాళ్ళ మధ్య కూలబడిపోయిన సమయానికి ఆయన కూతురు శ్రీరమ్య కాలువ కట్ట మీద కూర్చుని క్లాసు వింటోంది.

గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో బీయస్సీ నర్సింగు మొదటి సంవత్సరం. చేరిన కొద్ది నెలలకే, ఇంకా ప్రాక్టికల్స్ మొదలుకాకముందే, కరోనా వచ్చిపడింది. హాస్టలు ఖాళీ చేయించారు. అప్పట్నుంచి చదువంతా ఫోన్లోనే. అద్దంకి దగ్గర ఆ ఊళ్ళో ఇళ్ళ మధ్య కూర్చుంటే బొమ్మ కదలదు, మాట తెగిపోతుంది. సాగర్ కాలువ కట్ట మీద మాత్రం సిగ్నల్ నిలబడుతుంది. అందుకని రోజూ ఒక గోనెపట్టా చంకన పెట్టుకుని వచ్చి తుమ్మచెట్టు నీడన కూర్చుంటుంది. కట్టకి కిందనే వాళ్ళ చేను. కట్ట దిగి చేలోకి అడుగుపెడితే ఫోను మళ్ళీ మూగదే.

ఆ రోజు శివపార్వతి మేడం ఇంజెక్షన్ ఎక్కడ చేయాలో చెబుతోంది. ఆవిడ కాలేజీలో చేరింది హాస్టలు మూశాకే, పిల్లలెవరూ ఆవిణ్ణి ఎదురుగా చూడలేదు. ఆవిడ కూడా ఇంటినుంచే చెబుతోంది. ఒక దిండుకి పాత చీర చుట్టి, వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, అదే పేషెంటనుకోమంది. దిండు మీద పెన్నుతో గీత గీసి, "ఇదిగో, ఇక్కడ. ఇంకొంచెం కిందికి పోతే నరం తగుల్తుంది, కాలు పడిపోతుంది. అర్థమైందా?" అని అడిగింది.

తెర మీద అన్నీ నల్లటి గళ్ళు. గడికో పేరు. ఒక్క మొహమూ లేదు. "యస్ మేడం" అని ఒకటి తర్వాత ఒకటి అక్షరాలు పడ్డాయి. శ్రీరమ్య కూడా అదే టైపు చేసింది. అర్థమైందో లేదో తనకే తెలియదు. దిండుకి నరాలుండవు కదా అనుకుంది.

అప్పుడు వినపడింది తల్లి కోటిరత్నం కేక.

"రమ్యా! ఒసేయ్ రమ్యా! మీ నాన్న పడిపోయాడే!"

శ్రీరమ్య తల ఎత్తి చూసింది. చేలో మందు కొట్టే స్ప్రేయరు మోటారు గుయ్యిమంటూనే ఉంది. నాన్న తల మాత్రం కనపడటం లేదు. ఫోను పట్టా మీద పడేసి కట్ట దిగి పరుగెత్తింది.

యలమంద మోకాళ్ళ మీద ఉన్నాడు. వీపుకి స్ప్రేయరు డబ్బా వేలాడుతోంది. దాని మూత సరిగా పట్టక మందు కారి చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నోటివెంట చొంగ తీగలు తీగలుగా కారుతోంది. మొహం మీద చెమట వాన నీళ్ళలా దిగుతోంది. ఒకసారి భళ్ళున కక్కుకుని, దగ్గుతూ, "కళ్ళు మసకేస్తన్నయ్యే..." అన్నాడు. తర్వాత మాట రాలేదు. పక్కకి ఒరిగిపోయాడు.

అన్నం క్యారేజీ తెచ్చిన కోటిరత్నం దాన్ని గట్టున పెట్టి పరుగెత్తుకొచ్చింది. పక్క చేలోంచి పేరయ్య కూడా వచ్చాడు. యలమందకి స్వయానా అన్న. వచ్చినవాడు నాలుగు సాళ్ళ అవతలే ఆగిపోయి తలపాగా గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ముట్టుకోబాకండి! వాడు నిన్నట్నుంచీ దగ్గుతానే ఉన్నాడు. ఇది అదే!"

అదే అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. సెప్టెంబరు నెల. ఊళ్ళో పై బజారుకి అడ్డంగా కర్రలు కట్టి బ్లీచింగు చల్లి ఇంకా వారం కాలేదు. ఆ బజారునుంచి ఇద్దర్ని అంబులెన్సులో తీసుకెళ్తే ఒకరే తిరిగొచ్చారు.

"పంచాయతీకి ఫోన్ చేస్తా. వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. కోటిరత్నం, ముందు ఆ పిల్లని ఇవతలికి లాగు!"

కోటిరత్నం కూతురి రెక్క పట్టుకుంది. లాగలేదు, వదల్లేదు. అట్లాగే పట్టుకుని నిలబడి మొగుడి వంక చూస్తోంది.

శ్రీరమ్య లెక్కేసుకుంది. దగ్గు, ఆయాసం, వాంతి. కరోనా కావచ్చు. ఒంటినిండా మందు. అదీ కావచ్చు. చెయ్యి విడిపించుకుని వంగి నాన్న కనురెప్ప ఎత్తింది. నల్లగుడ్డు మధ్యనుండే పాప సూదిమొనంత అయిపోయి ఉంది. తన నీడ పడుతున్నా అది పెద్దది కాలేదు.

పోయిన వారం విషాల మీద క్లాసు చెప్పింది మేడం. పురుగుమందు పడితే కంటిపాప చిన్నదైపోతుందని అంది. "అప్పుడు మనం మొట్టమొదట చేయాల్సిందేమిటంటే" అనేదాకా వినపడింది. ఆ పైన వాన మొదలై బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి మేడం "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అంటోంది. అందరూ లేవన్నారు. తనూ లేవంది.

ఇప్పుడా మొట్టమొదటిదేమిటో ఆమెకి తెలియదు.

వెనక్కి తిరిగి కట్ట ఎక్కింది. మేడం ఇంకా దిండు మీద గీత చూపిస్తోంది. శ్రీరమ్య మైకు తెరిచి అరిచింది.

"మేడం! మా నాన్న పడిపోయాడు మేడం! పత్తికి మందు కొడుతున్నాడు. కంటిపాపలు చిన్నవైపోయాయి. నోట్లోంచి నురగొస్తోంది. నాకేం చేయాలో తెలీట్లేదు మేడం!"

చీర చుట్టిన దిండు బల్ల మీంచి కింద పడింది. శివపార్వతి మొహం తెర నిండా వచ్చింది.

"ఎవరూ? శ్రీరమ్యా? ఊపిరి తీస్తున్నారా?"

"తీస్తున్నాడు. గరగరమంటోంది."

"ఫోను ఆయన దగ్గరికి తీసుకెళ్ళు. నేను చూస్తా."

"చేలో సిగ్నల్ ఉండదు మేడం. ఇక్కడే వస్తుంది."

శ్రీరమ్య కట్ట మీంచి కిందికి చూసింది. తల్లి చేతులు నెత్తిన పెట్టుకుని కట్ట వైపే వస్తోంది.

"అమ్మా! ఇట్రా! పైకిరా!" తల్లి చేతిలో ఫోను పెట్టింది. కోటిరత్నానికి ఫోనులో మాట్లాడటం తెలుసు గానీ ఇట్లా మొహాలు కనపడే ఫోను ఎప్పుడూ పట్టుకోలేదు. "దీన్ని ఇట్లా పట్టుకుని ఇక్కడే నిలబడు. కట్ట దిగబాకు. ఈవిడ ఏం చెబితే అది నాకు వినపడేట్టు అరువు. నేనేమన్నా అడిగితే ఆవిడకి చెప్పు. ఏడవబాకమ్మా. ఏడిస్తే వినపడదు!"

చెప్పి మళ్ళీ చేలోకి దూకింది.

చేలో పనులు చేయించే గొంతు కోటిరత్నానిది. మూడు చేల అవతల కూలీలకి వినపడేట్టు పిలవగలదు. ఆ గొంతుతో మేడం మాటలు ఒక్కొక్కటే చేలోకి విసరడం మొదలుపెట్టింది.

"చేతులకి కవర్లు తగిలించుకోమంటోందే! ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దంట!"

శ్రీరమ్య గట్టున ఉన్న క్యారేజీ సంచీలోంచి రెండు ప్లాస్టిక్ కవర్లు లాగి చేతులకి తొడుక్కుంది.

"ఆ డబ్బా తీసి దూరంగా పారెయ్యి! చొక్కా, లుంగీ అన్నీ తీసెయ్యమంటోంది! సిగ్గుపడబాకు, కోసెయ్యి, కోసెయ్యమంటోంది!"

గట్టున కొడవలి ఉంది. చొక్కా వీపు మీద చీల్చింది. యలమంద చేతుల కండలు చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు వాటంతటవే అదురుతున్నాయి.

"ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టు! ఎడం పక్కకే! నోరు కిందికుండాలంట! నోట్లోది తుడిచెయ్యి!"

వేలికి చున్నీ అంచు చుట్టి నోట్లో పెట్టి తుడిచింది. తీసిన కొద్దీ వస్తోంది. పళ్ళు బిగుసుకుంటాయేమోనని భయపడుతూనే తుడిచింది.

"నీళ్ళు! సబ్బేసి ఒళ్ళంతా కడగమంటోంది! జుట్టు కూడా!"

సబ్బు కాలువ మెట్ల దగ్గర బట్టలుతికే చోట ఉంటుంది. కానీ నీళ్ళు తెచ్చేదెవరు? శ్రీరమ్య పేరయ్య వైపు తిరిగింది. ఆయన ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. ఈలోగా తన చేను గట్టున ఉన్న సద్దిలోంచి ఉప్పు తీసి చెంబులో కలుపుకొచ్చాడు.

"చింతపండు లేదు, ఉప్పు కలిపా. ఇది తాగిస్తే కక్కేస్తాడు. మందంతా బయటికొచ్చేస్తది."

"వద్దు పెదనాన్నా! ఆయనకి తెలివి లేదు. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. అమ్మా, నోట్లో నీళ్ళు పోయొచ్చా అడుగు!"

కట్ట మీంచి జవాబు ఉరిమినట్టు వచ్చింది. "వద్దంటోంది! ఏదీ పోయొద్దు! చుక్క కూడా పోయొద్దంట!"

పేరయ్య చెంబు కింద పెట్టాడు. "మరి కరోనా అయితే ఏంది అమ్మాయ్? నా ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

"ఒక్కసారి దగ్గరికి రా. వచ్చి కళ్ళు చూడు. నా కళ్ళు చూడు, నాన్నవి చూడు. నువ్వూ మందు కొట్టినోడివే కదా. నీకే తెలుస్తుంది."

ఏ మాటకి కదిలాడో గానీ పేరయ్య కదిలాడు. సాళ్ళు దాటి వచ్చి వంగి చూశాడు. తమ్ముడి కంటిలో ఆ నల్లటి చుక్కని చూసి, ముక్కుకి అడ్డం పెట్టుకున్న గుడ్డ వదిలేశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కాలువకి పరుగెత్తి బిందెతో నీళ్ళూ సబ్బు ముక్కా తెచ్చాడు. ఇద్దరూ కలిసి జుట్టూ మెడా వీపూ రుద్ది కడిగారు. ఊళ్ళో ఆటో నడిపే లాల్ అహ్మద్‌కి కట్ట మీంచి ఫోన్ చేసి రమ్మని చెప్పానన్నాడు. అంబులెన్సుకి ఎవరో అప్పటికే చేశారని కోటిరత్నం చేతిలో ఫోనులో అన్నారంట, అద్దంకి బండి కరోనా పేషెంట్లతో ఒంగోలు పోయిందంట.

ఆ "ఎవరో" రాగసుధ అని శ్రీరమ్యకి తర్వాత తెలిసింది. రాగసుధ వాళ్ళ క్లాసు లీడరు. నల్ల గళ్ళలో ఒక గడి. ఆ కాసేపట్లో గళ్ళన్నీ ఒక్కొక్కటే తెరుచుకుని మొహాలు కనపడ్డాయని, ఎవరికి తోచిన నంబరుకి వాళ్ళు ఫోన్లు చేశారని, కోటిరత్నం గొంతు వింటూ కొందరు ఏడ్చారని చెప్పింది.

కానీ ఆ సమయంలో చేలో ఉన్న ఆమెకి అదేమీ తెలియదు. యలమంద ఒళ్ళు అదరడం హఠాత్తుగా తగ్గింది. గరగర కూడా తగ్గింది. శ్రీరమ్యకి అది మంచో చెడో అర్థం కాలేదు.

"నాడి చూడమంటోందే!"

కవరు పీకేసి మణికట్టు పట్టుకుంది. తన మణికట్టు మీద ఎన్నోసార్లు చూసుకుంది. వేళ్ళు పెట్టగానే దొరికేది. ఇక్కడ ఏమీ లేదు. చన్నీళ్ళతో తడిసిన చర్మం, దాని కింద ఎముక. వేళ్ళు అటు జరిపింది, ఇటు జరిపింది. మెడ మీద పెట్టింది. గట్టిగా నొక్కాలా, మెల్లగా నొక్కాలా? పుస్తకంలో బొమ్మ గుర్తుంది. బొమ్మలో మెడ ఎండలో మాడిన రైతు మెడ కాదు. నరం ఎక్కడ, కండ ఎక్కడ తెలియలేదు.

"దొరకట్లేదు!" అని అరిచింది. "నాడి లేదమ్మా! నాన్నకి నాడి లేదు!"

కట్ట మీద గొంతు ఆగిపోయింది.

ఆ పైన కోటిరత్నం నోటివెంట వచ్చింది మాట కాదు. ఫోను చేతిలోంచి జారిపోయింది. రెండు చేతులతో గుండెలు బాదుకుంటూ, "ఎంత పని చేశావయ్యా, ఎంత పని చేశావయ్యా" అని కట్ట మీంచి దొర్లినట్టే దిగి చేలో పడి పరుగెత్తుకొచ్చింది. కట్ట మీద గడ్డిలో పడ్డ ఫోనులోంచి శివపార్వతి మేడం "రమ్యా! రమ్యా!" అని పిలుస్తూనే ఉంది. వినేవాళ్ళు లేరు.

శ్రీరమ్య ఒంటరిదైపోయింది. తల్లి వచ్చి మొగుడి మీద పడబోతే పేరయ్య పట్టుకుని ఆపాడు. ఏం చేయాలో చెప్పే గొంతు లేదు. పనికొచ్చే బొమ్మ లేదు. ఇంకేమీ తోచక నాన్న ఛాతీ మీద చెవి ఆనించింది. మొదట తన చెవిలోని హోరే వినపడింది. ఊపిరి బిగబట్టింది.

దూరంగా ఒక చప్పుడు. చాలాసేపటికి ఇంకోటి. అంతలో ఇంకోటి.

"ఉంది! అమ్మా, ఊరుకో, ఉంది! కొట్టుకుంటోంది!"

లాల్ అహ్మద్ ఆటో డొంకదారిలోకి వచ్చేసరికి తలపాగా గుడ్డ చుట్టిన మనిషిని పేరయ్య ఒక్కడే భుజాన వేసుకుని గట్టు దాటించాడు. కోటిరత్నం ఎవరూ గుర్తుచేయకుండానే మందు డబ్బా, గడ్డిలో పడ్డ ఫోనూ ఒక సంచిలో వేసుకుంది. కట్ట మీద ఉన్నప్పుడు ఆ మేడం చెప్పిందట, డబ్బా చూపిస్తే డాక్టరుకి తేలికవుతుందని. అంత ఏడుపులోనూ ఆ ఒక్క మాట మర్చిపోలేదు.

ఆటో గుంతల్లో ఎగురుతుంటే శ్రీరమ్య నాన్న తలని పక్కకి తిప్పి పట్టుకుని నోరు తుడుస్తూనే ఉంది. లాల్ అహ్మద్ వెనక్కి తిరిగి చూడలేదు. "పిల్లా, అందరూ మాస్కులు సరిగ్గా పెట్టుకోండి, నాకేమీ భయం లేదులే" అని మాత్రం అన్నాడు. భయం ఉన్నట్టు గొంతులో తెలుస్తూనే ఉంది. అయినా ఆటో ఆపలేదు.

అద్దంకిలో వాళ్ళు వెళ్ళిన ఆసుపత్రి గేటు మూసి ఉంది. ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న మనిషి అడ్డం వచ్చాడు.

"ఆయాసమా? ముందు టెస్టు చేయించుకుని రండి. కాగితం లేకుండా లోపలికి పంపొద్దన్నారు."

పేరయ్య అరవబోయాడు. శ్రీరమ్య ఆటోలోంచి దిగకుండానే సంచీలోంచి డబ్బా తీసి పైకెత్తింది. "ఇది కరోనా కాదండీ. పురుగుమందు. కంటిపాపలు సూదిమొనంత అయినాయి. నాడి అందట్లేదు, గుండె మెల్లగా కొట్టుకుంటోంది. నేను నర్సింగు స్టూడెంటుని. డాక్టరుగారిని ఒక్కసారి వచ్చి కళ్ళు చూడమనండి. టెస్టు తర్వాత చేసుకోండి, చేసుకోవద్దనట్లేదు. కళ్ళు చూడమనండి!"

ఆ కేకలకి లోపలినుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. టార్చి వేసి చూశాడు. డబ్బా మీద పేరు చదివాడు. ఆ పైన ఎవరినీ ఏమీ అడగలేదు. "స్ట్రెచర్!" అన్నాడు.

యలమంద బతికాడు. అక్కడినుంచి ఒంగోలు పంపి కొన్నాళ్ళు ఊపిరి మిషను మీద ఉంచారు. కరోనా లేదని తేలింది. ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్ళు తొణికేవి.

ఆయన ఇంటికొచ్చిన వారానికి కాలేజీ ప్రిన్సిపాల్ శశిభూషణ్ గారు స్వయంగా ఫోన్ చేశాడు. ఆయన గొంతు శ్రీరమ్య అంతకుముందు మైకులో తప్ప వినలేదు.

"నువ్వు మన కాలేజీకే గర్వకారణమమ్మా. యూనివర్సిటీ నుంచి రామకాంత్ గారు రేపు మీటింగులో కూర్చుంటున్నారు. ఆన్‌లైన్ క్లాసుల మీద పిల్లలు ఎంత తృప్తిగా ఉన్నారో తెలుసుకోవాలని. జరిగింది నువ్వు నీ నోటితో చెప్పు. ఫోన్లో పాఠం విని ఒక ప్రాణం నిలబెట్టావు. ఇంతకంటే ఏం కావాలి? నీ ఫొటోతో పేపర్లో ప్రకటన కూడా వేస్తాం. క్లాసులు చాలా బావున్నాయి, పూర్తి తృప్తిగా ఉంది అని ముగించు. సరేనా?"

"సరే సార్" అంది. ప్రిన్సిపాల్‌తో ఇంకేం అంటుంది?

ఫోన్ పెట్టగానే రాగసుధకి చేసింది. రాగసుధ నిట్టూర్చింది. "మా అందరికీ ఆల్రెడీ ఒక లింకు పంపారే. ఐదు గళ్ళుంటాయి, చివరిది 'పూర్తి తృప్తి', అదే నొక్కమన్నారు. నొక్కనోళ్ళు ఎవరో తెలుస్తుందంట. నేను కూడా నొక్కేశాను. నువ్వు మాత్రం ఏం చేస్తావులే. చెప్పెయ్. పైగా కాదంటే మేడం మీదికి పోద్ది. ఆవిడ క్లాసే కదా."

అదే శ్రీరమ్యని తినేస్తోంది. క్లాసులు బాగాలేవంటే శివపార్వతి మేడం బాగా చెప్పలేదన్నట్టే. ఆవిడ లేకపోతే నాన్న లేడు. కానీ కళ్ళు మూసుకుంటే వేళ్ళ కింద ఆ తడి చర్మమే తగులుతోంది. బతికున్న మనిషిని పట్టుకుని నాడి లేదని అరిచింది తను. తల్లి గుండెలు బాదుకోవడం చూసింది. రేపు ఏదో వార్డులో ఎవరి మంచం పక్కనో నిలబడి ఇదే మాట అంటే? అప్పుడు అది అబద్ధమని చెప్పడానికి ఛాతీ మీద చెవి పెట్టే తీరిక ఉంటుందా?

మర్నాడు కట్ట మీదికి తల్లి కూడా వచ్చింది. "నాకూ వినాలనుంది" అని పట్టా మీద కాస్త ఎడంగా కూర్చుంది.

తెర మీద శశిభూషణ్ గారు సూటు వేసుకుని కూర్చున్నాడు. పక్క గడిలో రామకాంత్ గారు, నెరిసిన గడ్డం, మెడలో కళ్ళజోడు తాడు. కింద ఒక మూల శివపార్వతి మేడం. ఈసారి వంటిల్లు కాదు, వెనక తెల్లగోడ. ఆవిడ మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

ప్రిన్సిపాల్ చాలాసేపు పొగిడి "చెప్పమ్మా" అన్నాడు.

శ్రీరమ్య జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి ఫోను పట్టుకుని అరవడం దగ్గర రామకాంత్ గారు ముందుకి వంగాడు. ప్రిన్సిపాల్ నవ్వుతూ తలాడిస్తున్నాడు. ఆమె నాడి దగ్గరికి వచ్చింది.

"నాకు దొరకలేదండీ. ఉన్నదాన్ని లేదన్నాను. మేడం పాఠం బాగా చెప్పారు. ఆ రోజు ఆవిడ చెప్పిన ప్రతి మాటా పనికొచ్చింది. కానీ నా వేళ్ళు అంతకుముందు ఇంకో మనిషిని పట్టుకుని ఎరగవు. మాకు ఒక్కరోజు కూడా వార్డు చూపించలేదు, ల్యాబు తెరవలేదు. మాటలు ఫోన్లో వస్తాయి గానీ చేతులకి రావు. అందుకని నాకు తృప్తి లేదండీ. భయంగా ఉంది. ఇట్లాగే పాసై బయటికొస్తే మేము..."

అక్కడ ఆమె మైకు మూసుకుపోయింది. ఆమె మూయలేదు. పెదాలు కదులుతున్నాయి, మాట పోవడం లేదు.

"నెట్‌వర్క్ సమస్య అనుకుంటా" అన్నాడు శశిభూషణ్ గారు. "పల్లెటూళ్ళలో మామూలే. మనం తర్వాతి..."

శ్రీరమ్య తెర మీద అక్కడా ఇక్కడా నొక్కింది. తెరుచుకోలేదు. పక్కనుంచి కోటిరత్నం "ఏమైందే? సిగ్నల్ ఉందిగా?" అంటోంది.

"నెట్‌వర్క్ కాదండీ." ఆ గొంతు శివపార్వతి మేడంది. "ఆ అమ్మాయి కట్ట మీదే ఉంది, సిగ్నల్ బాగానే ఉంది. మైకు మనవైపు మూశారు." ఆవిడ అంతటితో ఆగలేదు. "సార్, నేను పిల్లలకి దిండు మీద ఇంజెక్షన్ నేర్పుతున్నాను. కొద్దికొద్ది మందిని పిలిచి ల్యాబులో చేయిద్దామని ఎండాకాలం నుంచీ అడుగుతున్నాను. అమ్మాయి చెప్పింది నా మీద ఫిర్యాదు కాదు. ఒకవేళ అయినా నిజమే."

ఒక నల్లటి గడి తెరుచుకుంది. రాగసుధ మొహం, ఎర్రగా. "నేను చివరి గడి నొక్కాను సార్. నొక్కమన్నారు కాబట్టి. నాకు బీపీ చూడటం రాదు" అంది. ఆమె తర్వాత ఇంకెవరో, ఆ తర్వాత ఇంకెవరో.

రామకాంత్ గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆ మొదటి అమ్మాయి మైకు తెరవండి. పూర్తి చేయనివ్వండి" అన్నాడు.

తెరిచారు. కానీ శ్రీరమ్యకి అప్పటికి చెప్పాల్సింది అయిపోయింది. "అంతేనండీ" అంది.

మీటింగు ముగిశాక శశిభూషణ్ గారి నుంచి ఫోన్ వస్తుందని ఆమె ఎదురుచూస్తూనే ఉంది. వచ్చింది. కానీ తనకి కాదు, తండ్రి నంబరుకి. యలమంద చెయ్యి వణికి ఎత్తలేకపోతే కోటిరత్నం ఎత్తింది. వరండాలో నిలబడి చాలాసేపు వింది. పిల్లని అదుపులో పెట్టుకోవాలని, కాలేజీ పరువు బజారున పడిందని, అయినవాళ్ళలా చూసుకుంటే ఇదా చేసేదని అటువైపు గొంతు గడపలో నిలబడ్డ శ్రీరమ్యకి కూడా వినపడుతోంది. చదువు ఇంతటితో ఆగిపోతుందనే అనుకుంది.

"అయిందాండీ?" అని అడిగింది కోటిరత్నం. "ఇక నేను చెబుతా వినండి. ఆ రోజు నా కూతురు నాడి లేదని అరిచినప్పుడు నేను విధవనైపోయాననుకున్నా. నా మొగుడు బతికే ఉన్నాడు. ఆ కాసేపు నేను పడ్డది పగవాడికి కూడా వద్దు. పిల్లకి రాదని పిల్లే చెబుతోంది, నేర్పమని అడుగుతోంది. ఇందులో పరువు పోయేదేంది? పరువు కాదు గానీ ముందు నేర్పండి. ఉంటానండీ."

పెట్టేసింది. మంచం మీంచి యలమంద "ఎవరే?" అన్నాడు. "కాలేజీ ఆయన. పిల్ల ఎట్లా ఉందని అడుగుతున్నాడు" అంది.

కాలేజీ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. శ్రీరమ్య మీద ఏ చర్యా తీసుకోలేదు. మెచ్చుకోనూ లేదు. ఆమె ఫొటోతో వేస్తామన్న ప్రకటన మాత్రం వేయలేదు. రామకాంత్ గారు ఏం రాశాడో, ఎవరికి రాశాడో పిల్లలకి తెలియదు. మిరప చేలు పూతకొచ్చే వేళకి గ్రూపులో ఒక కబురు వచ్చింది. అనుమతులు వచ్చాయని, మొదటి సంవత్సరం వాళ్ళని కొద్దికొద్ది మందిగా ప్రాక్టికల్స్‌కి పిలుస్తున్నామని, టెస్టు చేయించుకుని రమ్మని. ఎందుకు అన్నది అందులో లేదు.

శ్రీరమ్య మొదటి జట్టులోనే వెళ్ళింది. లాల్ అహ్మద్ ఆటోలో అద్దంకి, అక్కడినుంచి బస్సులో గుంటూరు. హాస్టలు గదులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మెట్ల మీద శశిభూషణ్ గారు ఎదురయ్యాడు. నమస్కారం పెడితే తలాడించి, మాట్లాడకుండా పక్కనుంచి దిగిపోయాడు.

ల్యాబు తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. తెరలో చూసినదానికంటే బాగా పొట్టి. మాస్కు పైన కళ్ళు చూసి గుర్తుపట్టింది.

"నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది శివపార్వతి.

"చేతులు ఇంకా వణుకుతున్నాయి మేడం. మందు కొట్టడానికి నేనే పోతానంటున్నాడు. అమ్మ పోనివ్వట్లేదు."

"మీ అమ్మగారు పోనివ్వరులే" అంది ఆవిడ. మాస్కు వెనక నవ్విందో లేదో తెలియలేదు. లోపల ఆరుగురు పిల్లలు అప్పటికే చెయ్యి చాపి మంచం మీద పడుకున్న ఒకమ్మాయి చుట్టూ నిలబడి, ఎవరు ముందు నాడి చూస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"సంచీ అక్కడ పెట్టి, చేతులు కడుక్కుని రా" అంది. "ముందు నువ్వే."